వదిన మూడోనాడు, తాత మూడో సూది

ఇందుమూలంగా జహీరాబాద్ పట్టణ ప్రజలకు, ముఖ్యంగా మా గల్లీవాసులకు సవినయంగా తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ఎవరైనా సరే చెప్పులు లేకుండా మురుగు మోరీ పక్కన తిరగవచ్చును. ఈగలు వాలిన కర్బూజ ముక్కలు కొని తినవచ్చును. కాలికి మొల దిగితే పసుపు అద్ది ఊరుకోవచ్చును. చంటిపిల్లకు జ్వరమొస్తే ఇంట్లో ఎప్పటిదో ఒక సీసా వెతికి, చెంచాడు పోసి పడుకోబెట్టవచ్చును. చాయ్‌లో నాలుగు చెంచాల శక్కర వేసుకొని, పక్కకు చూడకుండా ఇంకో చెంచా కూడా వేసుకోవచ్చును. అడిగేవాళ్లు, చేతిలోంచి గుంజుకునేవాళ్లు, నడిబజార్లో నిలబెట్టి తిట్టేవాళ్లు ఇక లేరు. మా వదిన పోయింది.

నాది మైక్‌సెట్ దుకాణం. ఆటోకు రెండు హారన్లు కట్టుకొని ఊరంతా తిరిగి చెప్పే పని. నల్లా నీళ్లు రావని, బర్రె తప్పిపోయిందని, చీరల సేల్‌కు ఇదే ఆఖరి రోజని చెబుతాను. ఆ ఆఖరి రోజు నెలంతా ఉంటుంది, అది వేరే సంగతి. పదో తరగతి దగ్గర చదువుకూ నాకూ చెడింది, గొంతొక్కటి మిగిలింది. ఆ గొంతుతో ఊరిని నవ్వించాను, ఏడిపించాను, కొన్నిసార్లు పరుగులు పెట్టించాను. మా వదిన ఈ ఊరి సర్కారు దవాఖానలో నర్సు. మా అన్న భార్య. నన్ను పరుగులు పెట్టించిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర ఏదో దుప్పట్ల సేల్ గురించి అరుస్తుంటే అన్న ఫోన్ చేశాడు. ఇంటికి రారా అన్నాడు. ఏమైంది, వదిన మళ్లీ నా మీద పంచాయితీ పెట్టిందా అని అడిగాను.

"మీ వదిన లేస్తలేదురా," అన్నాడు.

నేను నవ్వాను. ఎందుకంటే మా ఆట అట్లాగే నడిచేది, ఒకసారి నేను, ఒకసారి ఆమె. కిందటి వారమే నేను మైకులో, దవాఖాన సిస్టర్ గారు ఈ రోజు తాగుబోతులకు ప్రత్యేక సూది వేయుచున్నారు, భార్యలు భర్తలను వెంటబెట్టుకొని రావలెను అని చాటాను. మధ్యాహ్నానికల్లా దవాఖాన ముందు పాతికమంది ఆడవాళ్లు నిలబడ్డారు. గల్లీల్లో మగపురుగు కనబడలేదు. దానికి బదులు చెప్పే వంతు వదినది. కాబట్టి ఇది అదే అనుకున్నాను. జర మంచిగా నటించమను, వస్తున్నా అని చెప్పి, దారిలో ఆగి చాయ్ కూడా తాగాను.

ఇంటి ముందు జనం ఉన్నారు. నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే లోపలికి అడుగుపెట్టాను. దాన్ని అక్కడ ఎట్లా తీసేయాలో నాకు తెలియలేదు.

గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. యాభై కూడా దాటలేదు. పొద్దున ఐసు డబ్బా భుజాన వేసుకొని కోహీర్ దిక్కు డ్యూటీకి పోయి, పిల్లలకు సూదులు వేసి, బస్సులో నిలబడి వచ్చి, మా గడపలో కూర్చున్న మనిషి. ఆమెకు జ్వరమొచ్చి పడుకున్నది నేను ఎన్నడూ చూడలేదు. ఇట్లాంటి మనిషి ఆగిపోవడమేమిటని ఇప్పటికీ నాకు అర్థం కాదు. కరెంటు పోతే కూడా ముందు ఒకసారి మినుకుమంటుంది కదా.

మా ఊర్లో చావు కబురు కూడా ఆటో మైకే చెప్పాలి. ఆ పని చేసేది నేనే. ఇంకో గొంతు లేదు. మరునాడు పొద్దున్నే హారన్లు కట్టుకొని బయలుదేరాను. మా వదిన గారు స్వర్గస్థులైనారు, అంతిమయాత్ర పదకొండు గంటలకు అని చెబుతుంటే, మార్కెట్ దగ్గర ఇద్దరు నవ్వారు. ఒక పండ్ల దుకాణం అతను ఆటోకు అడ్డం వచ్చి, మొన్న తాగుబోతుల సూది, ఇవాళ ఇదా, ఆమె వింటే నీ వీపు విమానం మోత మోగిపోతుంది అన్నాడు. నేను మైకు ఆపలేదు. అదే మాట ఇంకోసారి చదివాను. మూడోసారి చదివేటప్పుడు గొంతు పగిలింది. అప్పుడు అతను చేతిలోని సంత్రా కింద పెట్టి, తలగుడ్డ తీసేశాడు.

జనం వచ్చారు. ఎంత జనమంటే, చిరాగ్‌పల్లి నుంచి, న్యాల్‌కల్ నుంచి, కర్ణాటక అంచు ఊళ్ల నుంచి పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లు కన్నడంలో ఏడుస్తూ వచ్చారు. పాడె ఎత్తింది మా గల్లీ పిల్లలు, అంతా పాతికేళ్ల లోపువాళ్లు. ఎండలో చొక్కాలు విప్పేసి పాడె కింద చేరారు. నేను వెనుక నడుస్తున్నాను. అప్పుడు చూశాను. నలుగురికీ ఎడమ చేతి పైభాగాన, భుజానికి కొంచెం కింద, గుండ్రటి మచ్చ. పుట్టిన రోజుల్లో క్షయ రాకుండా వేసే సూది మచ్చ. నలుగురికీ వేసింది ఆమే. పక్కన నడుస్తున్నవాళ్లనూ చూశాను. వాళ్ల చేతుల మీదా అదే. ఆమె తన చేతులతో పెట్టిన గుర్తులే ఆమెను ఎత్తుకొని పోతున్నాయి.

ఆ మచ్చ అంటే వదినకు మహా గర్వం. పెళ్లిళ్లకు పోతే నగలు చూడదు, చీరలు చూడదు, జాకెట్టు చేతుల కింద మచ్చ ఉందో లేదో చూసేది. ఉంటే, ఇది నా సంతకం అనేది. కొత్త తల్లులు పిల్లలకు ఆ సూది వేయించిన నెలకు పరుగెత్తుకొచ్చేవాళ్లు, పిల్ల చెయ్యి వాచింది, పుండయింది, చీము పట్టింది అని. వదిన కంగారు పడేది కాదు. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, "తోలు లోపల పని జేస్తున్నరన్నట్టు, పని జేసేకాడ జర గడబిడ ఉంటది," అనేది. ఏమీ పూయకుండా వదిలేయమని పంపించేది. కొన్నాళ్లకు పుండు ఎండిపోయేది, మచ్చ మిగిలేది, తల్లి వచ్చి చూపించేది.

సూది పట్టుకునే ముందు రెండు చేతులూ కడిగి, అరచేతులు రుద్దుకొని వేడి చేసుకునేది. పిల్లకు చల్లటి చేయి తగలకూడదట. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టేది కాదు. "ఏడ్వనియ్యి, ఏడ్సేటోల్లు బతికున్నట్టు," అనేది. తండ్రులు మూర్ఛపోతే మాత్రం ఓపిక పట్టేది కాదు.

నా సంగతి చెప్పాలి. నాకు సూది అంటే భయం. ఈ ముక్క ఊరికి తెలియకుండా ఏళ్ల తరబడి కాపాడుకున్నాను. ఒకసారి నాలుగు రోజులు జ్వరమొచ్చి ముసుగు తన్ని పడుకుంటే, వదిన పశువుల దవాఖాన నుంచి బర్రెలకు వేసే సిరంజి అడిగి తెచ్చింది. అది చేతిలో పట్టుకుంటే సైకిల్ పంపులా ఉంది. దాంట్లో ఉప్పునీళ్లో ఏవో నింపి, గుమ్మంలో నిలబడి, నిమ్మళంగా, "తిరుగు మరిదీ," అన్నది. నేను తిరగలేదు. కిటికీలోంచి దూకాను. పక్కింటి బర్రెల కొట్టంలో పడ్డాను. జ్వరం అక్కడే తగ్గింది.

ఆ బర్రెల కొట్టం లారీ తాతది. మా పక్కిల్లు. బొంబాయి రోడ్డు మీద ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. ఇప్పుడు రెండు బర్రెలు, ఒక మంచం, ఊరి మీద వంద ఫిర్యాదులు. ఈ కథలో ప్రాణం మీదికి వచ్చింది తాతకే.

వదిన పోవడానికి కొన్ని రోజుల ముందు, పాలు పోసి వస్తుంటే మాంసం దుకాణాల దగ్గర ఒక కుక్క తాత పిక్క పట్టుకుంది. తాత ఇంటికొచ్చి గాయంలో కారం పొడి కూరి, గుడ్డ కట్టుకొని, పసరు మందు పోసే మనిషి కోసం న్యాల్‌కల్ దిక్కు పోవడానికి బస్సు ఎక్కబోయాడు. వదిన బస్సులోంచి దింపింది. దవాఖాన నల్లా కింద కాలు పెట్టించి, సబ్బుతో కడిగింది. ఎంతసేపు కడిగిందంటే, తాత, ఇది కాలమ్మా, గిన్నె కాదు అన్నాడట. తరువాత గాయం చుట్టూ ఒక మందు, ఆపైన రెండు భుజాల తోలులో చెరొక చుక్క.

అక్కడే గొడవ మొదలైంది. మా ఊర్లో తాత వయసువాళ్లందరికీ ఒకటే లెక్క. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, లావు సూదులు, మనిషి వారం దాకా వంగలేడు. అది మందు. ఇది ఏమిటి? చిన్న పిల్లల సూది. తోలు మీద కందిగింజంత బుడిపె లేచింది, కొద్దిసేపటికి అణిగిపోయింది. నొప్పి కూడా సరిగ్గా లేదు. తాత ఇంటికొచ్చి నన్ను పిలిచి, నీ మైకులో చెప్పు, సర్కారు దవాఖానలో మందు మిగుల్చుకొని చుక్కలు చుక్కలుగా పోస్తున్నారు అన్నాడు. రెండో సూది రోజు మంచం దిగలేదు.

అదే రోజు పొద్దున, కరిచిన కుక్క మోరీలో చచ్చిపడి ఉందని తెలిసింది. ఆ మాట విన్నప్పుడు వదిన మొహం మారింది. వదిన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, కుక్క కరిచాక పసరుతో ఊరుకున్న ఒక మనిషిని చూసింది. చెంబులో నీళ్లు చూసి గోడకు అతుక్కుపోయాడట. "దాహంతోని నా దిక్కు సూసిండు," అనేది. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు. ఎంత అడిగినా చెప్పలేదు.

ఆమె ఐసు డబ్బాలో మందు పెట్టుకొని తాత ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను, తమాషా చూడడానికి. దారిలో నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. బర్రెల సిరంజి మా అటక మీదే ఉంది. చూపిస్తే తాత భయపడి చిన్న సూదికి ఒప్పుకుంటాడు అనుకున్నాను. తీసుకెళ్లి చూపించాను. తాత కళ్లు మెరిశాయి. గదే కావాలె, గంత మందు పడాలె అని చొక్కా విప్పాడు. వదిన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది.

సిరంజి నా చేతికే ఇచ్చి బయట పెట్టి రమ్మంది. మంచం అంచున కూర్చుంది.

"తాతా, చిరాగ్‌పల్లి నాకా కాడ ఎప్పుడన్న ఆగకుంట పోయినవా?"

"ఎట్ల పోతనమ్మా. కట్టె అడ్డం ఉంటది. జవాన్లు నిలబడి ఉంటరు."

"అదే నాకా ఇవతల చేన్లకెల్లి ఏదన్న దొంగమాలు దిగిందనుకో, ఎవరన్న సూస్తరా?"

"గక్కడ ఎవడుంటడు, ఒక్కడు ఉంటె ఎక్కువ."

"నీ తోలు నాకా అన్నట్టు," అన్నది వదిన. "లోపలి కండ చేను అన్నట్టు. కండల ఏస్తె కాపలా తక్వ, మందు మస్తు పొయ్యాలె ఎవలన్న సూడాలంటే. తోలు నిండ జవాన్లే. బయటికెల్లి వచ్చేదంత ముందు తోలుకే తాకుతది కద, గందుకని గక్కడనే పెట్టిండు దేవుడు. ఒక్క సుక్క దించితె సాలు, మీద పడి గుంజుకుంటరు."

తాత గుంజుకొని ఏం చేస్తారని అడిగాడు. ఠాణాకు తీసుకుపోతారు అన్నది. ఠాణా ఎక్కడ అంటే, చంకలో వేలు పెట్టి నొక్కింది. తాతకు చక్కిలిగింతలు. మంచం మీద మెలికలు తిరిగిపోయాడు. నవ్వు ఆగాక మిగిలింది చెప్పింది. తరువాత నేను దాన్ని చాలామందికి చెప్పాను, ఆమె చెప్పినంత బాగా రాలేదు.

మందులో ఉండేది చచ్చిన క్రిమి. చచ్చిన దొంగ. వాడేం చేయలేడు, కానీ మొహం వాడిదే. తోలులోని జవాన్లు ఆ మొహం ముక్కను పట్టుకొని చంకలోని బిళ్లల దాకా నడుస్తారు. చెయ్యి మీద పుండయితే చంకలో బిళ్ల కడుతుంది చూడండి, అదే ఠాణా. అక్కడ లెక్కలేనంతమంది సిపాయిలు ఊరికే కూర్చొని ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క దొంగ మొహమే తెలుసు. జవాను ఆ ముక్కను ఒక్కొక్కరికీ చూపిస్తూ పోతాడు. నాకు తెలుసు అన్నవాడు దొరికితే, వాడొక్కడు వేలమంది అవుతాడు.

ఒక్కడు వేలమంది ఎట్లా అవుతాడమ్మా అన్నాడు తాత.

"మీ నాయిన ఒక్కడే ఉండె. మీరు ఏడుగురు కాలేదా?"

ఆ వేలమందిలో కొందరు బేడీలు తయారు చేసి నెత్తురులో వదులుతారు; అసలు దొంగ ఎక్కడ కనబడ్డా అవి వాడికి తగులుకుంటాయి. ఇంకొందరు ముసలివాళ్లలా మూల కూర్చొని మొహం యాది పెట్టుకుంటారు. మళ్లీ వాడే వస్తే, ఈసారి వెతికే పని లేకుండా లేచి నిలబడతారు. మరి ఒక్కసారి చెబితే చాలదా, నాలుగుసార్లు ఎందుకు అని తాత లాయర్లా అడిగాడు. మీ ఇంటామె ఒక్కసారి చెబితే నువ్వు వినేవాడివా అన్నది వదిన. తాత చాలాసేపు ఆలోచించి, లేదు అన్నాడు.

అప్పుడు ఆమె నవ్వు ఆపేసింది. కరిచిన చోటి నుంచి ఆ క్రిమి నరం పట్టుకొని తల వైపు నడుస్తుంది, నెమ్మదిగా నడుస్తుంది, దాని నెమ్మదే మనకు దొరికిన టైము అని చెప్పింది. "అది తలకాయకు చేరకముందే మనోళ్లు తయారు కావాలె. చేరినంక నేను కాదు, ఏ డాక్టరు ఏం జెయ్యలేడు. కుక్క సచ్చింది తాతా. నీకు తెల్వకుంట ఉంచను."

తాత రెండు చేతులూ ముందుకు చాపాడు. రెండో సూది పడింది. సూది తీయగానే తాత బుడిపె లేచిందా లేదా అని వేలితో తడిమి చూసుకున్నాడు, లారీ టైరు చూసుకున్నట్టు. బుడిపె లేవకపోతే మందు తోలు కిందికి జారినట్టని, మళ్లీ వేయాలని వదిన చెప్పి పెట్టింది. నాకాలో బండి ఆగనట్టు కదా అన్నాడు తాత. అంతా సర్దుకుంది అనుకున్నాం. వదిన ఆ తరువాత రెండు రోజులకే పోయింది.

మూడో సూది పడాల్సిన రోజూ, వదిన మూడోనాడూ ఒకటే అయ్యాయి.

ముందురోజు టెంటు కింద తాత పక్కన కూర్చొని గుర్తు చేశాను. తాత నా వైపు తిరగలేదు.

"ఏ సూదిరా? ఊరందరికి సూదులిచ్చిన మనిషి గడపల కూసొని పోయింది. గా సూదులల్ల ఏమన్న ఉంటె ముందు ఆమెనే బతకాలె కద."

ఈ సూది వేరు, ఆ గుండె వేరు అన్నాను. గుండెకు ఏ నాకా ఉందో, ఏ జవాను నిద్రపోయాడో నాకేం తెలుసు. ఇంకో సిస్టర్ వేస్తుందని చెప్పాను. ఆమె చెయ్యి మీద నమ్మకంతో రెండు వేయించుకున్నాను, ఆ చెయ్యి పోయింది, ఇక నాకొద్దు అన్నాడు. కొంచెం ఆగి, పోతే పోదాం, ఆమె ఉన్నచోటికే కదా అన్నాడు. నవ్వుతూ అంటే తిట్టేవాణ్ణి. నవ్వలేదు. డాక్టర్ వచ్చి చెప్పి పోయాడు. తాత అన్నిటికీ తల ఊపాడు, మంచం మీంచి కదలలేదు. నేను ఎన్ని చెప్పినా, నువ్వు దుప్పట్ల మైకువి అన్నాడు. నిజమే. ముప్పై రోజుల ఆఖరి రోజు చెప్పినవాడి మాటకు విలువేముంది. ఆ రాత్రంతా నాకు వదిన చెప్పిన ఆ నీళ్ల చెంబే కళ్ల ముందు.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. బతికున్నవాళ్లు ఒక్కొక్కరు ముందుకొచ్చి, ఆ మిగిలినది మేం చూసుకుంటామని మాట ఇవ్వాలి. ఏ మాటకు పిట్ట దిగితే అదే ఆమె కోరిక. ఆ చోట ఇచ్చిన మాట తప్పినవాడు మా దిక్కు ఉండడు. ఆ చోట అబద్ధం చెప్పినవాడి గురించి నేనైతే వినలేదు.

జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు, బిస్కెట్లు పెట్టాం. ఒక గ్లాసులో చాయ్ కూడా. తుమ్మచెట్టు మీద ఒకటే కాకి. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది, కదలలేదు. ఎండ ఎక్కుతోంది. దవాఖానలో కుక్క సూదులు మధ్యాహ్నం దాకే వేస్తారు. అన్న ముందుకు పోయి, గుట్కా బంద్ చేస్తానని మాట ఇచ్చాడు. కాకి కదలలేదు, ఆ మాట అది ఇంతకుముందు కూడా విన్నట్టుంది. వదిన తమ్ముడు ఏదో అన్నాడు. ఆడవాళ్లు ఏడుస్తూ ఏవేవో అన్నారు. కాకి రెక్క దులుపుకుంది, అంతే. తాత అందరికన్నా వెనుక, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

నేను ముందుకు పోయాను. వదిన ఆఖరుగా అన్న మాట ఒకటి ఉంది, ఇంతదాకా ఎవరికీ చెప్పలేదు అన్నాను. ఆ సాయంత్రం గడపలో కూర్చొని అన్నతో అన్న మాట.

"'ఎల్లుండి తాతకు మూడో సూది. నేను లేకున్న మర్సిపోకున్రి' అన్నది."

తాత కర్ర మీది నుంచి తల ఎత్తాడు. నన్ను చూడలేదు, మా అన్నను చూశాడు. నిజమేనా బిడ్డా అని అడిగాడు. మా అన్న నా వైపు చూశాడు. తరువాత తుమ్మచెట్టు వైపు చూశాడు. ఆయన చిన్నప్పటి నుంచి అంతే, మాట్లాడే ముందు ఎక్కడో చూస్తాడు.

"అన్నది తాతా," అన్నాడు.

తాత కుంటుకుంటూ ముందుకొచ్చాడు. విస్తరి ముందు నిలబడి, కర్ర కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. "పోత బిడ్డా. ఇయ్యాలనే పోత. మిగిలినయి గూడ ఏపిచ్చుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాడు. మాట అయిపోయి కర్ర అందుకోవడానికి వంగుతుండగా కాకి దిగింది. తాత మాట విన్నదో, కోడికూర వాసన పట్టిందో నేను చెప్పలేను. ముందు బిస్కెట్ ముట్టింది.

తాతను ఆటోలోనే తీసుకుపోయాను. హారన్లు విప్పే టైము లేదు. దవాఖానలో కొత్త సిస్టర్, వదిన దగ్గర పని నేర్చుకున్న పిల్ల, వదిన కుర్చీలో కూర్చోకుండా పక్కన స్టూలు వేసుకొని ఉంది. రెండు చేతులూ కడిగి, అరచేతులు రుద్దుకుంది. కుడి భుజానికి బాగానే పడింది. ఎడమ భుజానికి వేసి సూది తీసింది. తాత వేలితో తడిమాడు. బుడిపె లేవలేదు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. నాకాల బండి ఆగలే, గంతే. మల్ల ఎయ్యి," అన్నాడు తాత.

కొంచెం పక్కన మళ్లీ వేసింది. ఈసారి తెల్లగా, గుండ్రంగా, నారింజ తొక్కలా చిన్న చిన్న గుంటలతో బుడిపె లేచింది. తాత దాన్ని నాకు చూపించాడు, పొలంలో మొలక చూపించినట్టు. అది అణిగేదాకా ముగ్గురం చూస్తూ కూర్చున్నాం.

కుక్క కరిచిన నెలకు నాలుగోది కూడా పడింది. తాత నిక్షేపంగా ఉన్నాడు. ఈ పొద్దు కూడా నా మైకు సౌండు ఎక్కువైందని, బర్రెలు పాలివ్వడం లేదని తిట్టాడు. నాలుగూ పడ్డాయి కాబట్టే ఇప్పుడు ఇది రాస్తున్నాను. తాతకు చదువు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించండి, లోపలికి పోయిన మందును ఇక ఎవరూ బయటికి తీయలేరు.

వదిన ఆ మాట అనలేదు.

ఎల్లుండి అనలేదు, సూది అనలేదు, తాత పేరు ఎత్తలేదు. నేనే కల్పించాను, కాకి ముందు, అంతమందిలో. అది అబద్ధమని ఆ చోట తెలిసింది మా అన్న ఒక్కడికే, ఎందుకంటే ఆమె పోయినప్పుడు ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే. ఆయన నాలాంటివాడు కాదు. చిన్నప్పుడు నేను చేసిన తప్పులకు కూడా నిజం చెప్పి నన్ను కొట్టించిన మనిషి. అట్లాంటివాడు ఆ ఎండలో నిలబడి, అన్నది తాతా అన్నాడు. ఇంటికొచ్చాక దాని గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె ఏదో ఒకటి చెప్పి పోయి ఉంటే బాగుండునని ఇద్దరికీ ఉంది కాబోలు.

ఆమె వచ్చింది, ఐసు డబ్బా దించింది, గడపలో కూర్చుంది, ఒక కాలి చెప్పు విప్పింది. చాయ్ పెట్టనా అని లోపలి నుంచి అన్న అడిగాడు. జవాబు రాలేదు. జరిగింది అంతే. నేను పోయేసరికి అన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, రెండో చెప్పు బెల్టు విప్పడానికి చూస్తున్నాడు. అది రావడం లేదు. చుట్టూ అంతమంది నిలబడి ఉన్నారు, ఎవరూ సాయం పట్టలేదు. ఆయన వేళ్లు ఆ బెల్టు మీద అట్లాగే ఆడుతూ ఉన్నాయి.